వాయించినవారి పేర్లూ వేయండి

సంపాదకుల వారికి నమస్కారములు.

రెండు వారాల కిందట మీ ఆదివారం అనుబంధంలో నేటి పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం మీద నిండు పుట వ్యాసం వచ్చింది. తెలుగు దినపత్రికలో ఈ విషయానికి ఒక పుట దక్కడమే అరుదు కనుక రెండుసార్లు చదివి, కత్తిరించి దాచుకున్నాను. జార్జ్ క్రమ్, టెర్రీ రైలీ, స్టీవ్ రైష్ వంటి స్వరకర్తలను వ్యాసకర్త శ్రద్ధగా పరిచయం చేశారు. పక్కనే నలుగురు వాద్యకారుల ఛాయాచిత్రం పెద్దదిగా వేసి, దాని కింద 'క్రోనోస్ క్వార్టెట్ బృందం' అని మూడు మాటలు ముద్రించారు. ఆ నలుగురి పేర్లు ఛాయాచిత్రం కింద గానీ వ్యాసంలో గానీ ఎక్కడా లేవు. ఈ ఉత్తరం ఆ లోటు గురించి.

నేను ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ సంగీత కళాశాలల్లో వయొలిన్ బోధించి పదవీ విరమణ చేశాను. ఉద్యోగం చేస్తూనే కచేరీల్లో పక్కవాద్యం వాయించాను. చిన్న వయసులో ఒక పెద్ద విద్వాంసుని పక్కన మూడు గంటలు వాయించే అవకాశం వచ్చింది. మరునాటి పత్రికలో ఆయన పాడిన కృతులన్నిటి పేర్లూ, రాగాలూ, చివరి మంగళంతో సహా వరుసగా వచ్చాయి. మా గురించి మాత్రం 'వయొలిన్, మృదంగ సహకారం చక్కగా కుదిరింది' అని ఒక్క వాక్యం ఉంది. నా పేరు అచ్చులో చూద్దామని మా నాన్నగారు ఆ ఉదయం ఐదు ప్రతులు కొనుక్కొచ్చారు. ఆ పత్రిక మీది కాదు. పక్కవాద్యం మన సంప్రదాయంలో పేరుకు తగ్గట్టు పక్కనే కూర్చునేది కనుక ఆ లోపాన్ని అర్థం చేసుకోగలిగాను. క్వార్టెట్ విషయంలో ఆ సమాధానం కూడా చెల్లదు. అక్కడ ముందువాడు, పక్కవాడు అనే తేడా లేదు. రెండు వయొలిన్లు, వయొలిన్ కంటే కాస్త పెద్దదైన ఒక వయోలా, కూర్చుని వాయించే పెద్ద మంద్రవాద్యం ఒక చెల్లో, నలుగురు మనుషులు, అంతే. రెండో వయొలిన్ అంటే రెండో రకం వయొలిన్ అని మనవాళ్లు అనుకుంటారు. నిజానికి పైన నడిచే గొంతుకూ అడుగున నిలిచే గొంతుకూ మధ్య కట్టు తెగకుండా చూసేది ఆ రెండో వయొలిన్, వయోలా కలిసే.

మీ వ్యాసం చెప్పిన స్వరకర్తల రచనల్లో చాలావాటికి మూలకారణం ఆ ఛాయాచిత్రంలో పేరు లేకుండా కూర్చున్నవారే. 1973లో సియాటిల్ నగరంలో డేవిడ్ హారింగ్టన్ అనే యువ వయొలినిస్టు రేడియోలో జార్జ్ క్రమ్ రచన 'బ్లాక్ ఏంజెల్స్' విన్నారు. వియత్నాం యుద్ధం సాగుతుండగా 1970లో రాసిన రచన అది. దాన్ని వాయించి తీరాలన్న పట్టుదలతో ఆయన ఆ ఏడాదే ఒక క్వార్టెట్‌ను కూర్చారు. అదే క్రోనోస్. వాయించడం అంటే మనం అనుకునే తీరులో కాదు. నాలుగు వాద్యాల ధ్వనినీ విద్యుత్తుతో పెంచాలి. వాద్యకారులు నీళ్లు పోసిన గాజు గ్లాసుల అంచుల మీద కమాను లాగాలి, కుట్టుపనివాళ్లు వేలికి పెట్టుకునే తొడుగులతో తంత్రుల మీద తట్టాలి, పెద్ద కంచు పళ్లేన్ని మోగించాలి, వేర్వేరు భాషల్లో అంకెలను నోటితో పలకాలి. మన జలతరంగంలో పింగాణీ గిన్నెలను పుల్లలతో మీటుతారు కనుక నాదం మొదలవుతూనే సన్నగిల్లుతుంది. గాజు అంచు మీద కమాను లాగితే నాదం ఊపిరిలా సాగుతూనే ఉంటుంది. ఏ గ్లాసులో ఎంత నీరు పోస్తే ఏ స్వరం పలుకుతుందో, వయొలిన్ పక్కన పెట్టి గ్లాసు దగ్గరికి చేరడానికి ఎన్ని క్షణాలు పడుతుందో వాయించేవాళ్లే గదిలో కూర్చుని తేల్చుకోవాలి. స్వరపత్రంలో ఉన్నది సంగీతం కావడానికి మధ్యలో ఇంత పని ఉంది, అది చేసిన మనుషులున్నారు.

అదే ఏడాది హారింగ్టన్ తన గురువు కెన్ బెన్‌షూఫ్‌ను కొత్త రచన అడిగారు. ఇచ్చుకోవడానికి డబ్బు లేక ప్రతిఫలంగా ఒక సంచీ నిండా డోనట్లు ఇచ్చారు. అలా మొదలైన అడగడం ఈ యాభై ఏళ్లలో వెయ్యికి పైగా రచనలకూ, కొత్త కూర్పులకూ దారి తీసింది. 1970ల చివరలో ఈ బృందం కాలిఫోర్నియాలోని ఓక్‌లాండ్‌లో మిల్స్ కళాశాలలో ఉండగా టెర్రీ రైలీ అక్కడే బోధిస్తున్నారు. ఆయన హిందుస్తానీ గాయకుడు పండిట్ ప్రాణ్ నాథ్ శిష్యుడు. మన సంగీతం ఆయనలో బాగా ఇంకిపోయింది. ఆ రోజుల్లో ఆయన రచనలను కాగితం మీద పెట్టడం దాదాపు మానుకుని, కీబోర్డు ముందు కూర్చుని మనోధర్మంతోనే గంటల తరబడి వాయించేవారు. మాకు రాసిపెట్టండి అని హారింగ్టన్ వదలకుండా అడగడం వల్ల 1980లో 'సన్‌రైజ్ ఆఫ్ ది ప్లానెటరీ డ్రీమ్ కలెక్టర్' వచ్చింది, ఆ తరువాత మరెన్నో వచ్చాయి. మీ వ్యాసంలో రైలీ గురించి రెండు పేరాలున్నాయి. ఆయన చేత మళ్లీ కలం పట్టించినవారి గురించి ఒక్క వాక్యమైనా ఉండవలసింది.

స్టీవ్ రైష్ 1988లో ఈ బృందం కోసమే రాసిన 'డిఫరెంట్ ట్రెయిన్స్' గురించి వ్యాసకర్త మనసు పెట్టి రాశారు, అందుకు కృతజ్ఞురాలిని. రెండో ప్రపంచయుద్ధ కాలంలో తాను పిల్లవాడిగా న్యూయార్క్, లాస్ ఏంజెలెస్ నగరాల మధ్య ఎక్కిన రైళ్లను, అదే కాలంలో ఐరోపాలో యూదు పిల్లలను మరణశిబిరాలకు తీసుకుపోయిన రైళ్లను తలచుకుని రైష్ చేసిన రచన ఇది. తనను పెంచిన ఆయమ్మ, ఒక వృద్ధ రైలు ఉద్యోగి, మారణహోమం నుంచి బతికి బయటపడినవారు మాట్లాడిన మాటలను టేపు మీద వినిపిస్తూ, ఆ మాటల్లోని ఎత్తుపల్లాలనే స్వరాలుగా వాద్యాల చేత పలికిస్తారు. స్త్రీల గొంతును వయోలా, పురుషుల గొంతును చెల్లో అనుసరిస్తాయి. మాటలో స్వరం ఉంటుందని మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. వీధిలో కూరగాయల బండి మనిషి కేక ఏ స్వరం మీద నిలిచి ఎక్కడ దిగుతుందో పట్టి వయొలిన్ మీద పలికించండి అని నేను మొదటి సంవత్సరం పిల్లలకు అభ్యాసంగా ఇచ్చేదాన్ని. వారం రోజులు పట్టేది వాళ్లకు. ఈ రచనలో మాట మారినప్పుడల్లా శ్రుతీ లయా రెండూ ఉన్నట్టుండి మారిపోతాయి, ముందుగా ధ్వనిముద్రణ చేసిన మరో మూడు క్వార్టెట్ల నాదం టేపు మీద సాగుతూ ఉంటుంది, టేపు ఎవరి కోసమూ ఆగదు. మన కచేరీలో గాయకుడు ఒక ఆవర్తనం ఎక్కువ తీసుకుంటే కంటిచూపుతో సర్దుకుంటాం. ఇక్కడ చనిపోయినవారి జ్ఞాపకం మోస్తున్న ఆ గొంతులకు ఒక్క క్షణం కూడా తప్పకుండా తోడు నిలవాలి. ఈ ధ్వనిముద్రణకు వచ్చిన గ్రామీ పురస్కారం స్వరకర్తకు దక్కింది. అది న్యాయమే. అయితే ఆ మాటలను మొదటిసారి తంత్రుల మీద పలికించిన వయోలా హ్యాంక్ డట్‌ది, చెల్లో జోన్ జాన్‌రెనోది అని పాఠకునికి చెప్పడానికి ఒక పంక్తి చాలు.

వాద్యకారుల మాట వినకపోతే చరిత్రే తప్పుగా మిగిలిపోతుంది అనడానికి ఇంతకు ముందటి ఉదాహరణ ఒకటుంది. ఫ్రెంచి స్వరకర్త ఒలివియే మెస్సియాన్ యుద్ధఖైదీగా ఉంటూ రాసిన 'కాలాంతపు క్వార్టెట్' 1941 జనవరి 15న గోర్లిట్స్ దగ్గరి జర్మన్ శిబిరంలో మొదటిసారి వినిపించింది. ఆ చలిలో పియానో ముందు మెస్సియాన్, వయొలిన్ మీద జాన్ ల బులేర్, క్లారినెట్ మీద అన్రీ అకోకా, చెల్లో మీద ఎతియెన్ పాస్కియే ఉన్నారు. ఆ రోజు వేలమంది విన్నారని, చెల్లోకు మూడే తంత్రులున్నాయని మెస్సియాన్ తరువాతి కాలంలో చెబుతూ వచ్చారు. లోకం దాన్నే నమ్మింది, నేటికీ చాలా వ్యాసాల్లో అదే కనిపిస్తుంది. చెల్లో వాయించిన పాస్కియే మాత్రం తన వాద్యానికి నాలుగు తంత్రులూ ఉన్నాయని, లేకుంటే ఆ రచన వాయించడం సాధ్యమే కాదని, విన్నవారు కొన్ని వందల మందేనని చెప్పారు. తంత్రులు ఎన్నో వాయించినవాడికంటే ఎవరికి తెలుస్తుంది? ఆ రచన మూడో భాగం పూర్తిగా క్లారినెట్ ఒక్కటే. దాని కోసం అకోకా పడ్డ పాటు చిన్నది కాదు. యూదుడైన ఆయన ఆ తరువాత కొన్ని నెలల్లోనే కదులుతున్న రైలు మీద నుంచి క్లారినెట్ చంకన పెట్టుకుని దూకి తప్పించుకున్నారు. ఆ మనిషి ఊపిరి ఆ రచనలో ఉంది. కచేరీ ప్రకటనల్లో మాత్రం మెస్సియాన్ పేరు ఒక్కటే ఉంటుంది.

మా అమ్మాయి కాలిఫోర్నియాలో ఉంటుంది. కిందటిసారి వెళ్లినప్పుడు ఒక విశ్వవిద్యాలయంలో నలుగురు యువ వాద్యకారులు కొత్త రచనను సాధన చేస్తుంటే ఎవరైనా వచ్చి కూర్చుని వినవచ్చునన్నారు, వెళ్లాను. రెండు గంటల్లో నలభై నిమిషాలు స్వరపత్రంలోని పన్నెండు కొలతల (మన ఆవర్తనాల వంటి చిన్న లయ భాగాల) మీదే గడిచాయి. వాళ్లకు ఎదుట చేయి ఊపి నడిపించేవాడు లేడు. మొదటి వయొలిన్ అమ్మాయి ముక్కుతో తీసే ఊపిరే ఎత్తుగడ. ఆ ఊపిరి పొడవును బట్టి మిగిలిన ముగ్గురూ రాబోయే వేగాన్ని గ్రహిస్తున్నారు. ఒకచోట వయోలా కుర్రవాడు ఆపి, 'నా స్వరం కింద నీ స్వరం వినబడడం లేదు, నేను దేని మీద నిలబడాలి' అని చెల్లో అమ్మాయిని అడిగాడు. ఆ ప్రశ్న నాకు ఎంతో నచ్చింది. నలుగురూ ఒత్తిడి తగ్గించి, మళ్లీ మొదలుపెట్టి, మళ్లీ ఆగి, పెన్సిళ్లతో గుర్తులు పెట్టుకున్నారు. గది వెనక వరుసలో కూర్చున్న స్వరకర్త ఒకచోట వారి మాట విని లేచి వచ్చి, తాను రాసిన రెండు కొలతలను రబ్బరుతో చెరిపి వేరుగా రాశారు. ఆ మార్పు రేపు అచ్చయ్యే స్వరపత్రంలో ఉంటుంది. అది వాద్యకారుల చేతుల్లోంచి వచ్చిందని ఎక్కడా రాసి ఉండదు.

ఇలా కొద్దిమంది కలిసి వాయించే సంగీతాన్ని ఛాంబర్ సంగీతం అంటారు. ఛాంబర్ అంటే గది. ఈ సంగీతం గదిలో పుట్టినది, ఒకరి ఊపిరి మరొకరికి వినబడే దూరంలో పుట్టినది. మైకులు రాకముందు మన కచేరీలు కూడా జమీందారుల చావళ్లలో, రామమందిరాల్లో అంత దగ్గరగానే జరిగేవి. కనుక ఇది మనకు పరాయి భావన కాదు.

ఇటువంటి వార్తలు మన పత్రికలకు ఎక్కేది సాధారణంగా వింత ఉన్నప్పుడే. 1995లో ఆమ్‌స్టర్‌డామ్‌లో జర్మన్ స్వరకర్త స్టాక్‌హౌజెన్ రచనను ఆర్దిట్టి క్వార్టెట్‌లోని నలుగురూ నాలుగు హెలికాప్టర్లలో ఎగురుతూ వాయించిన సంగతి ఇప్పటికీ అక్కడక్కడా చదువుతుంటాను. ఎర్విన్ ఆర్దిట్టి 1974లో స్థాపించిన ఆ బృందం వందల కొద్దీ కొత్త రచనలను భూమి మీద కూర్చునే మొదటిసారి వాయించిందన్నది అంతకంటే పెద్ద వార్త.

ఈ వాద్యకారులు ఎలా బతుకుతారన్నది కూడా పత్రిక రాయవలసిన విషయమే. పారిస్‌లో స్వరకర్త పియేర్ బూలెజ్ 1976లో స్థాపించిన బృందంలో 31 మంది వాద్యకారులకు జీతాలు ఉన్నాయి. నేటి సంగీతం వాయించడమే వారి ఉద్యోగం. జర్మనీలో 1980లో ఏర్పడిన ఎన్సెంబుల్ మోడెర్న్‌లో ఏ రచన వాయించాలి, ఎవరిని చేర్చుకోవాలి అన్న నిర్ణయాలు వాద్యకారులే కలిసి చేస్తారు. క్రోనోస్ లాభాపేక్ష లేని సంస్థగా విరాళాల మీద, కచేరీల మీద నడుస్తుంది. మన వయొలిన్ పట్టభద్రునికి ఉన్న దారులు ఎన్ని? రేడియో గ్రేడు, పెళ్లి కచేరీలు, ఇంటింటికీ తిరిగి చెప్పే పాఠాలు, సినిమా రికార్డింగులు. ఆఖరిదాన్ని కూడా కీబోర్డు చాలావరకు మింగేసింది. నా దగ్గర నేర్చుకున్నవారిలో ఇద్దరు ముగ్గురు చాలా గొప్పగా వాయించగలవారు ఈనాడు వేరే ఉద్యోగాల్లో ఉన్నారు. వారితో నలుగురు కలిసి ఒక బృందంగా ఏర్పడి కొత్త రచనలు చేయించుకుని వాయించవచ్చు అని చెప్పడానికి అప్పట్లో నాకు కూడా తెలియదు. పత్రికల్లో ఒక్కసారి చదివి ఉంటే చెప్పేదాన్ని.

మన నేల మీద దీనికి పునాది లేదా అంటే, ఉంది. విజయనగరం మహారాజా సంగీత కళాశాలకు అధ్యక్షులుగా ఉన్న ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పక్కవాద్యంగా ఉన్న ఫిడేలును వేదిక మధ్యకు తెచ్చి, దానితోనే నిండు కచేరీ చేసి జనాన్ని కూర్చోబెట్టారు. ఆయన పాశ్చాత్య వయొలిన్ కమాను పద్ధతిని శ్రద్ధగా గమనించినవారు. 1986లో వచ్చిన ఇళయరాజా 'హౌ టు నేమ్ ఇట్' ఆల్బమ్‌లోని వయొలిన్ వినని తెలుగు సంగీతప్రియులు తక్కువ. ఆ కమాను వి.ఎస్. నరసింహన్ గారిదని తెలిసినవారు అంతకంటే తక్కువ. ఆయన 1993లో మద్రాస్ స్ట్రింగ్ క్వార్టెట్‌ను ఏర్పరచి, మన కృతులను నాలుగు గొంతులకు కూర్చి వాయిస్తూ వచ్చారు. త్యాగరాజస్వామి తెలుగు మాట రెండు వయొలిన్ల మీదా ఒక వయోలా మీదా ఒక చెల్లో మీదా ఎలా నిలుస్తుందో వినాలంటే మన పక్క రాష్ట్రానికి మించి పోనక్కరలేదు. దాని మీద ఒక తెలుగు పత్రికలో నిండు పుట వ్యాసం నేను ఇంతవరకు చదవలేదు.

క్రోనోస్‌కు కూడా మన దేశంతో చుట్టరికం ఉంది. 2005లో ఆర్.డి. బర్మన్ పాటలను వారు ఆశా భోస్లే గారితో కలిసి ఒక ఆల్బమ్‌గా తెచ్చారు. తబలా మీద జాకిర్ హుసేన్ ఉన్నారు. 2015లో వారు మొదలుపెట్టిన 'ఫిఫ్టీ ఫర్ ది ఫ్యూచర్' పథకంలో 25 మంది స్త్రీల చేత, 25 మంది పురుషుల చేత యాభై రచనలు చేయించి, స్వరపత్రాలనూ ధ్వనిముద్రణలనూ ఎవరైనా దించుకునేలా ఉచితంగా ఇంటర్నెట్‌లో పెట్టారు. విద్యార్థి బృందాలకూ కొత్తగా వృత్తిలోకి వచ్చినవారికీ ఉద్దేశించిన రచనలవి. 2024 డిసెంబరులో మనల్ని విడిచి వెళ్లిన జాకిర్ హుసేన్ గారి రచన 'పల్లవి' కూడా వాటిలో ఉంది. విజయవాడలోనో విజయనగరంలోనో హైదరాబాదులోనో ఉన్న నలుగురు విద్యార్థులు రేపు ఉదయం వాటిని చేతికి తీసుకోవచ్చు. మన విద్యార్థులకు పాశ్చాత్య స్వరలిపి చదవడం రాదన్నది నిజమైన అడ్డంకే. మన కళాశాలల్లో అది చెప్పరు, వయోలా, చెల్లో కూడా చెప్పరు. లిపి మాత్రం కొన్ని నెలల్లో నేర్వదగినదే. నేను అరవై దాటాక నేర్చుకున్నాను.

మీ పత్రికను నేను కోరేది పెద్దదేమీ కాదు. కొత్త రచన గురించి రాసినప్పుడు దాన్ని ఎవరు అడిగి రాయించారో, మొదట ఎవరు వాయించారో కూడా రాయండి. ఛాయాచిత్రంలో ముఖాలు కనిపిస్తే కింద పేర్లు వేయండి. క్వార్టెట్‌కే కాదు, మన ఊరి సభల్లో వాయించే వయొలిన్, మృదంగం, ఘటం వాళ్లకు కూడా వేయండి. స్థలం చాలకపోతే కృతుల జాబితా తగ్గించవచ్చు.

మీరు వేసిన ఛాయాచిత్రంలో చెల్లోతో కూర్చున్నది సన్నీ యాంగ్. ఆమె 2013లో చేరి, 2023 రాకముందే బృందాన్ని వీడారు కనుక ఆ చిత్రం ఇప్పటి బృందానిది కాదు. 1978 నుంచి ఉన్న జాన్ షెర్బా, అంతకు ఒక ఏడాది ముందు చేరిన హ్యాంక్ డట్ ఇద్దరూ నాలుగున్నర దశాబ్దాలు వాయించి 2024లో విరమించారు. ఇప్పుడు హారింగ్టన్‌తో పాటు వాయిస్తున్నవారు గాబ్రియేలా డియాజ్, అయానే కొజాసా, పాల్ వియాంకో. మీ సవరణల గడిలో వేయడానికి వీలుగా ఆ ఛాయాచిత్రంలోని నలుగురి పేర్లు కింద రాస్తున్నాను.

వయొలిన్: డేవిడ్ హారింగ్టన్, జాన్ షెర్బా. వయోలా: హ్యాంక్ డట్. చెల్లో: సన్నీ యాంగ్.

భవదీయురాలు,
ఒక విశ్రాంత వయొలిన్ అధ్యాపకురాలు,
కాకినాడ